స్కూటరు సీటు మీద సున్నుండ

పోస్టాఫీసు కౌంటర్లో కొత్తగా చేరిన పిల్లలు ఏ పెళ్లిలోనైనా కనబడితే, పార్సిల్ ఈ నిమిషాన ఏ ఊళ్లో ఉందో ఫోన్‌లో చూపించి నన్ను ఆశ్చర్యపడమంటారు. నేనూ మర్యాదకి ఆశ్చర్యపడతాను. ఉద్యోగం చివరి రోజుల్లో నాకూ కంప్యూటర్ ఇచ్చారు. బరువెంతో, ఎన్నాళ్లు పడుతుందో అది చెప్పేది. లోపలున్నది దారిలో కరుగుతుందా లేదా అన్నది మాత్రం చెప్పేది కాదు. అందుకు నా దగ్గర స్కూటరుండేది.

ఎండాకాలంలో ఎవరైనా మిఠాయిల పార్సిల్ పట్టుకొస్తే, పైనున్నది ఒకటి తీసి కాగితం మీద పెట్టి, బయట ఎండలో నిలబెట్టిన నా స్కూటరు నల్లసీటు మీద ఉంచేవాణ్ణి. నేను క్యారేజీ తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అది ఇంకా మిఠాయిలాగే ఉంటే పార్సిల్ బుక్ చేసేవాణ్ణి. కరిగితే వెనక్కిచ్చేవాణ్ణి. ఈ పద్ధతి శాఖవారి పుస్తకాల్లో ఎక్కడా లేదు. దాన్ని కనిపెట్టింది నేనేనని ఒకప్పుడు అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పుకోను. ఎందుకో వినండి.

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లిన ఊళ్లున్నాయి. సైనికుడి చిరునామాలో పేరు, నంబరు, యూనిట్టు, దాని కింద సైన్యం తాలూకు పోస్టాఫీసు నంబరు మాత్రమే ఉంటాయి. ఊరి పేరుండదు. ఊరి పేరు లేని చోటికి కొరియర్‌వాళ్లు వెళ్లరు. కాబట్టి సరిహద్దులో ఉన్న కొడుక్కి ఏదైనా తినడానికి పంపాలంటే ఆ ఊళ్ల తల్లులందరికీ నేనే దిక్కు. ఈ సంగతి నా తలకి కాస్త ఎక్కింది కూడా.

ఎండకి ఓర్చుకునేవి జంతికలు, చెక్కలు. జంతికలు పంపి ఊరుకునే తల్లి మాత్రం నాకెప్పుడూ తగల్లేదు. కొడుకంటే నేతి మిఠాయి పంపాల్సిందే. ఆ నెయ్యి కాస్త తగ్గించమంటే మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు. నెయ్యి తక్కువైతే కొడుకు ఏమీ అనుకోడుగానీ పక్క మంచం మీద పడుకునేవాడు ఏమనుకుంటాడోనని వాళ్ల దిగులు. ఒక ఏడాది ఎవరిదో పార్సిల్లోంచి నెయ్యి కారి, అదే సంచిలో ఉన్న పెళ్లి శుభలేఖలన్నీ సున్నుండల వాసనతో ఊళ్లు చేరాయి. ఆ తరువాతే నేను స్కూటరు పరీక్ష పెట్టాను.

పరీక్షకి ఇద్దరు పర్యవేక్షకులు ఉండేవారు. ఒకరు ఏలూరు నుంచి రోజూ పాసింజర్లో వచ్చే మా పోస్ట్‌మాస్టర్ మేడమ్‌గారు. ఆవిడకి షుగరు. తీపి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా మధ్యాహ్నం ఏదో పని ఉన్నట్టు నా స్కూటరు దాకా నడిచివెళ్లి, ఫలితం ఎలా ఉందో చూసి, ఆ ఫలితాన్ని చిటికెడు నోట్లో వేసుకునేవారు. రెండోవారు మా వరండాలో కుట్టుమిషన్ పెట్టుకుని పార్సిళ్లకి తెల్లగుడ్డ కుట్టే టైలరు మాస్టారు. ఆయన సగం తన వాటా అన్నట్టు చూసేవారు. రంజాన్ నెలలో మాత్రం తన ముక్కని పొట్లం కట్టి సాయంత్రానికి దాచుకునేవారు. ఏ మిఠాయి నెగ్గినా ఓడినా పరీక్షకి కూర్చున్నది మాత్రం మా ఆఫీసులోనే ఖర్చయిపోయేది.

చివరి ఏళ్లలో మేడమ్‌గారు ఒక ఫిర్యాదు చేస్తూండేవారు. “ఈమధ్య మన సున్నుండల్లో నెయ్యి ఉండట్లేదండీ. గట్టిగా, పళ్లూడేలా ఉంటున్నాయి. ఊళ్లల్లో పాడి తగ్గిందంటారా?” అనేవారు. నా పరీక్షకి భయపడి తల్లులంతా దారికొచ్చారని నేను మనసులో మీసం మెలేసుకున్నాను.

ఆ తల్లుల్లో ఒకావిడ గురించే ఈ కథంతా. ఆవిడ భర్త కూడా సైన్యంలో చేసినవాడే, అప్పటికి పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు. ఎడారి వైపు ఎక్కడో ఉన్నాడని మాత్రం తెలుసు. నన్ను అన్నయ్యగారూ అనేది, నేను చెల్లెమ్మగారూ అనేవాణ్ణి. నెలకోసారి సున్నుండల డబ్బా చంకన పెట్టుకుని ఆటోలో దిగేది. మినుములు తనే వేయించి, తనే తిరగల్లో విసిరి, బెల్లం తురిమి, ఒక్కొక్క ఉండా గుప్పిట్లో గట్టిగా నొక్కి కట్టేది. ఆవిడ సున్నుండలు నా స్కూటరు మీద ఎప్పుడూ ఓడిపోలేదు.

ఆవిడంటే మా అందరికీ అభిమానం. ఒక వేసవిలో ఎండలు మరీ మండిపోతుంటే టైలరు మాస్టారు, ఉండి అనే ఊరి దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే తన బావమరిదినడిగి తెల్లటి థర్మాకోల్ పెట్టె తెచ్చిపెట్టారు. చేపలు ఐసు మీద కలకత్తా దాకా వెళ్లే పెట్టె అది. కొల్లేటి చేపే చెక్కుచెదరకుండా వెళుతుంటే సున్నుండ ఎందుకు వెళ్లదని ఆయన వాదన. చేపకి ఐసుంటుంది, సున్నుండకి ఉండదన్న తేడా మాలో ఎవరికీ తట్టలేదు. పెట్టె కొత్తదేనా అని అడిగాను. “ఆయ్, దాదాపు కొత్తదేనండి. ఒక్క ట్రిప్పే వెళ్లొచ్చింది. నిమ్మకాయతో తోమి ఎండబెట్టానండి” అన్నారు. సున్నుండలు దాంట్లో వెళ్లాయి. తరువాతి ఆదివారం కొడుకు ఫోన్ చేసి, చాలా బాగున్నాయమ్మా, ఒక్కటీ చెదరలేదు అన్నాడట. ఆ మాట ఆవిడ పనిగట్టుకు వచ్చి నాకు చెప్పింది. ఇక నేను కుర్చీలో ఆనలేదు.

తరువాతి వేసవిలో ఒక మధ్యాహ్నం, నున్నటి గుండుతో ఒక కుర్రాడు కౌంటర్ ముందు నిలబడ్డాడు. ద్వారకా తిరుమలలో మొక్కు తీర్చుకుని అటునుంచి అటే వచ్చాడట. పేరు చెబితేగాని ఆవిడ కొడుకని పోల్చుకోలేకపోయాను.

“మావయ్యగారూ, మీకు ఖాళీ ఉంటే ఒక్క మాటండి. బయటికొస్తారా” అన్నాడు.

ఇద్దరం నా స్కూటరు పక్కన నిలబడ్డాం. అతను ఆ సీటు వైపు చూసి, నవ్వు ఆపుకుని, మళ్లీ చూశాడు.

“ఇదేనాండి ఆ స్కూటరు?”

“ఇదే. ఏం?”

“ఏం లేదండి. మా ఊళ్లో అందరూ స్కూటరు ఉండ అని ఒకటి విడిగా కడతారండి. నెయ్యి తగలకుండా, బాగా గట్టిగా. అది డబ్బాలో పైన పెడతారు. మీరు పైదే తీస్తారు కదండి.”

ఇన్నేళ్ల నా పరీక్షా, మేడమ్‌గారి పళ్లూ ఒక్కసారి కళ్లముందు మెదిలాయి. కోపం తెచ్చుకుందామనుకున్నానుగానీ అతను అంత వినయంగా చెబుతుంటే వీలుపడలేదు.

“మరి కిందవి ఎలా చేరుతున్నాయి బాబూ?” అన్నాను.

“ముద్దలా వస్తాయండి. అన్నీ కలిసి ఒకటే ముద్ద, డబ్బా ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో. ఉండలా ఉన్నది నేను ఒక్కసారీ చూడలేదండి.”

“చాలా బాగున్నాయని ఫోన్‌లో చెప్పావుగా?”

“బాగోలేవని ఎలా చెబుతామండి” అన్నాడు, నేనేదో అనకూడని మాట అన్నట్టు. “రుచి బాగానే ఉంటుంది కదండి. చెంచాలేసుకుని తలా కాస్తా తింటాం. పంజాబీ ఆయన రొట్టెలో పెట్టుకుంటాడు. చేపల పెట్టెలో వచ్చినప్పుడైతే మా బెంగాలీ ఆయన ఇది మా ఇంటి వాసన అని సంబరపడిపోయాడండి.”

మా వైపు మనుషులతో ఇదే చిక్కు. పెట్టిన కూరలో ఉప్పు లేకపోయినా అద్భుతం అంటాం. పెట్టినవాళ్లు నమ్మి ఇంకో గరిటె వేస్తారు. అదీ తింటాం.

అంతవరకూ నవ్వుతూ చెప్పినవాడు ఉన్నట్టుండి తల దించుకున్నాడు. “అమ్మ వేళ్లు చూశారాండి?” అన్నాడు. నేను చూడలేదు. ప్రతినెలా ఆ చేతుల్లోంచే డబ్బా అందుకున్నాను, చేతుల్ని చూడలేదు. కణుపులు వాచిపోయాయట. ఏలూరులో డాక్టరు చూసి, గట్టిగా పట్టుకునే పని, నొక్కే పని పెట్టుకుంటే వేళ్లు శాశ్వతంగా వంకరపోతాయన్నాడట. ఉండ కట్టడమంటేనే నొక్కడం. సున్నుండలు చేసిన మర్నాడు ఆవిడ జడ కూడా పొరుగింటావిడే వెయ్యాలట.

“మానెయ్యమ్మా అంటే, నీకు ఇష్టం కదరా అంటుందండి. ఇష్టం, ఒక్కటీ చెదరలేదు అని ఇన్నేళ్లూ చెప్పింది నేనే. ఇప్పుడు అబద్ధం అని ఎలా చెప్పనండి? మీరే ఏదో ఒకటి చెప్పి ఆపాలి. సైన్యం చిరునామాకి సున్నుండలు తీసుకోకూడదని రూలొచ్చిందనండి. గవర్నమెంటు మాటంటే వింటుందండి.”

ఆవిడ వేళ్లు నా నాలుక మీద ఆధారపడ్డాయన్నమాట. అలాగే అన్నాను. అతను సెలవు అయిపోయి వెళ్లిపోయాడు.

మేడమ్‌గారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, “లేని రూలు ఉందని ఆఫీసులో కూర్చుని చెప్పడం తప్పండీ. నేను ఒప్పుకోను” అన్నారు. తరువాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “మీరు చెప్పేటప్పుడు నేను లోపల గదిలో ఉంటాను. అక్కడికి ఏమీ వినపడదు” అన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. చెల్లెమ్మగారు ఆటో దిగి డబ్బా కౌంటర్ మీద పెట్టింది. డబ్బాకి కట్టిన గుడ్డ ముడి విప్పబోయింది. వేళ్లు సహకరించలేదు. ముడి మీద ఒకసారి, రెండుసార్లు జారాయి. టైలరు మాస్టారు లేచివచ్చి, ఏమీ ఎరగనట్టు ముడి విప్పి వెళ్లి కూర్చున్నారు. అప్పుడు చూశాను ఆ కణుపుల్ని.

ముందే తయారుచేసుకున్న మాట అప్పజెప్పాను. “చెల్లెమ్మగారూ, పైనుంచి కొత్తగా రూలొచ్చిందండి. సైన్యం చిరునామాకి సున్నుండలు తీసుకోకూడదట.”

“అలాగాండి” అంది మెత్తగా. “జంతికలు తీసుకుంటారాండి?”

“జంతికలు తీసుకుంటామండి.”

“కాజాలు?”

“కాజాలూ తీసుకుంటామండి.”

“అరిసెలు?”

“తీసుకుంటాం.”

“అయితే ప్రభుత్వానికి సున్నుండ ఒక్కటే పడలేదన్నమాట” అని నా మొహంలోకి చూసి, “మావాడు వచ్చి వెళ్లాడాండి, అన్నయ్యగారూ?” అంది.

నేను స్టాంపులు సర్దుకున్నాను. ముప్పై ఏళ్లకి పైగా కౌంటర్ మీద రకరకాల మనుషులతో వేగినవాణ్ణి, ఆవిడ ముందు మాత్రం బడిపిల్లాడిలా అయిపోయాను.

“నాకు తెలుసండి” అంది ఆవిడ. “మొన్న సెలవులో వచ్చినప్పుడు పళ్లెంలో సున్నుండలు పెట్టాను. చెంచా ఏదమ్మా అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు. సున్నుండకి చెంచా ఎవరడుగుతారండి? అక్కడ ఎలా తింటున్నారో నాకప్పుడే అర్థమైపోయింది.”

“మరి తెలిసీ మళ్లీ ఎందుకు చేశారండి, ఆ చేతులతో?”

“నేను మానేస్తే, నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోదాండి? ఇన్నేళ్లు అబద్ధమాడానే అని బాధపడడూ?”

వరండాలో మిషను చప్పుడు ఆగిపోయింది. ఆవిడ డబ్బా మూత అంచు నిమిరింది. “ఇంకోటి కూడా ఉందండి. వాడు వాళ్ల నాన్నలాగే, మాటలు తక్కువ. డబ్బా అందిన ఆదివారం మాత్రం ఫోన్ చేస్తాడు. అందాయమ్మా, బాగున్నాయమ్మా, ఒక్కటీ చెదరలేదమ్మా అంటాడు. అవి లేకపోతే వాడికి నాతో మాట్లాడ్డానికి ఏముంటుందండి?”

దీనికి నా దగ్గర రూలు లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కౌంటర్లో కూర్చుని ఏడవకూడదు కాబట్టి గోందుసీసా మూత బిగించాను.

ఇంతలో లోపలి గదిలోంచి, ఏమీ వినపడని మా మేడమ్‌గారు బయటికొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “ఉండలు కట్టకుండా పిండి పంపితే ఏమవుతుందండీ? పిండి కరగదు కదా. నెయ్యి వాళ్ల మెస్సులో ఉంటుంది. ఆ అబ్బాయే కట్టుకుంటాడు” అన్నారు.

చెల్లెమ్మగారు ఒప్పుకోలేదు. “పిండి పంపితే అమ్మ పంపినట్టుంటుందాండి? కిరాణా కొట్టువాళ్లు పంపినట్టుంటుంది. అయినా వాడికి ఉండ కట్టడం ఏం వచ్చు?”

“తుపాకీ పట్టడం వచ్చినవాడికి ఉండ కట్టడం రాదా చెల్లెమ్మగారూ” అన్నాను. “రాకపోతే ఫోన్ చేసి అడుగుతాడు. మీరు చెప్పాలి. ఒక్కసారి చెబితే వచ్చే విద్యా అది?”

ఆవిడ నా మాట విని, ఆగి, మెల్లగా తలెత్తింది. ఆ మొహంలో వెలుగు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. “ఒక్కసారికి రాదండి” అంది. “నాకు మా అత్తగారు నేర్పడానికి ఒక ఏడాది పట్టింది.”

ఆ రోజు తెచ్చిన డబ్బా మా ఆఫీసుకే వదిలేసి వెళ్లింది. ఆవిడ ఆటో ఎక్కగానే మేము పైనున్న స్కూటరు ఉండని పక్కకి నెట్టి, కిందది తీశాం. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. మేడమ్‌గారు కళ్లు మూసుకుని, “ఇన్నేళ్లూ మనకి మోసం జరిగిందండీ” అన్నారు. టైలరు మాస్టారు అప్పటికే రెండోదానికి చెయ్యి చాపారు.

అక్కణ్ణుంచి, రూలొచ్చిందనే కొడుక్కీ చెప్పి, ఆవిడ ప్రతినెలా పిండి పార్సిల్ పంపేది. మినుములు మిల్లులో పట్టించమని నేనూ, తిరగలి వదలనని ఆవిడా కొన్నాళ్లు కొట్లాడుకుని, చివరికి ఆవిడే మిల్లుకి దిగివచ్చింది. మొదటిసారి అలవాటు చొప్పున చిటికెడు పిండి స్కూటరు సీటు మీద పెడితే గాలికెగిరి నా కళ్లల్లో పడింది. పరీక్ష అంతటితో ఎత్తేశాను. ఆదివారాల కబుర్లు మాత్రం ఆవిడ వచ్చి చెబుతూండేది. ఉండ విడిపోతోందట, నెయ్యి ఎంత వేడిగా ఉండాలని అడిగాడట. పంజాబీ ఆయన కట్టిన ఉండ క్రికెట్ బంతంత వచ్చిందట. ఫోన్ పెట్టేసి మళ్లీ చేశాడట, బెల్లం గడ్డలు గడ్డలుగా ఉంటే ఏం చెయ్యాలని. ఆవిడ తన జడ తనే వేసుకుని వస్తోందని నేను గమనించాను. అప్పటికి చేతుల్ని చూడ్డం నేర్చుకున్నాను.

నా రిటైర్మెంటుకి కొద్దిరోజుల ముందు, ఒక ఉదయం సంచుల్లోంచి ఒక పార్సిల్ బయటపడింది. సైన్యం పోస్టాఫీసు ముద్ర. గుడ్డంతా నెయ్యి మరక. చుట్టుపక్కల ఉత్తరాలన్నీ ఘుమఘుమలాడుతున్నాయి. చిరునామా ఆవిడదే. అలాంటి పార్సిల్‌ని వాళ్ల ఊరి సంచిలో వేస్తే ఊరి ఉత్తరాలన్నీ తడుస్తాయి కాబట్టి కబురు చేశాను. ఆవిడ పరుగున వచ్చింది. టైలరు మాస్టారు కుట్లు విప్పుతూ, “మిలిటరీవాళ్ల కుట్టండి, గోనెసంచి కుట్టినట్టుంది” అని సణిగారు.

లోపల బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే, అంతా కలిసిపోయి డబ్బా ఆకారంలో ఒకటే ముద్ద. తల్లికి తన చేతి ఉండలు రుచి చూపించాలని కొడుకు, నెయ్యి దగ్గర ఏమాత్రం పిసినారితనం చెయ్యకుండా, ఈ మండుటెండల్లో దేశం అవతల నుంచి పంపించాడు. ఆ ముద్దలో ఒక మూల మాత్రం, సగం ఉండ గుండ్రంగా మిగిలింది. దానిమీద పెద్ద బొటనవేలి నొక్కు స్పష్టంగా ఉంది. ఆవిడ తన వేలు ఆ నొక్కులో ఆనించి చూసుకుంది.

అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేసింది. అవతల అతను గట్టిగా అరుస్తున్నట్టు అడగడం నాకూ వినపడింది. “అందాయా అమ్మా? ఎలా వచ్చాయి?”

“ఎంత బాగా కట్టావురా నాన్నా” అంది. “ఒక్కటీ చెదరలేదు.”

చాలాసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, డబ్బా నా వైపు జరిపింది.

“అన్నయ్యగారూ, ఆఫీసులో చెంచా ఉందాండి?”

నేను లేచేలోపే లోపలి గది తలుపు తెరుచుకుంది. ఏమీ వినపడని మా మేడమ్‌గారు అందరికీ చెంచాలు పట్టుకుని బయటికొచ్చారు.